లేదు కావాలి

పాలు తాగుతావా అంటే లేదు అంది. నీళ్ళు కావాలా అంటే లేదు. కథ చెప్పనా అంటే లేదు, ఫ్యాను తగ్గించనా అంటే ఫ్యాను వైపు ఒకసారి తలెత్తి చూసి, బాగా ఆలోచించి, లేదు. రెండేళ్ళ పిల్లకి లోకంలో ఏదీ నచ్చకపోవడం వింతేమీ కాదు, ఆ వయసే అలాంటిది, దేవుడు వరమివ్వడానికి దిగొచ్చినా వద్దు పొమ్మనే వయసు. అదిగో, వద్దు. వద్దు అనాలి కదా. పాలు వద్దు అంటారు గానీ పాలు లేదు అంటారా ఎవరైనా? మంచం మీద గోడకి చేరగిలబడి కూర్చున్న ఆమె ఆ ముక్క దగ్గరే ఆగిపోయింది. అంటారేమో. ఈమధ్య ఆమెకి తన తెలుగు మీద కూడా నమ్మకం పోయింది. రాత్రి మాత్ర వేసుకున్నాక మాటలు తడిసిన కాగితాల్లా ఒకదానికొకటి అంటుకుపోతాయి, విడదీయబోతే చిరుగుతాయి. ఇవాళ మాత్ర ఇంకా వేసుకోలేదు. పిల్ల పడుకున్నాక వేసుకుందామని పక్కన పెట్టింది. పిల్ల పడుకుంటేనా.

పడుకోవాలి. ఇవాళ పడుకోవాలి, ఆమె దగ్గరే పడుకోవాలి. అవతల ముందుగదిలో టీవీ నడుస్తోంది గానీ మాటలు వినిపించడం లేదు, వెలుగు మాత్రం తలుపు సందులోంచి నేలమీద పడి కదులుతోంది, అంటే ఆయనా వదినా టీవీ చూడటం లేదు, చెవులు రిక్కించుకుని ఈ గదిని వింటున్నారు. గోడలకి చెవులుంటాయంటారు, ఈ ఇంట్లో తలుపుకి కూడా ఉన్నాయి, అందుకే జానెడు తెరిచి ఉంచారు. తలుపు వేసుకోనా అని ఆమె అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కొట్లలో కాటాలు బాగుచేసే మనిషి, మాట కూడా ఒక పళ్ళెంలో పెట్టి చూసుకుని గానీ బయటికి వదలడు. "గాలి ఆడాలిగా, కొంచెం ఉంచుదాం," అన్నాడు చివరికి. గాలి కోసమంటే ఎవరు నమ్ముతారు. వదినకైతే ఈ డొంకతిరుగుడు లేదు. భోజనాలయ్యాక గిన్నెలు కడుగుతూనే తేల్చేసింది: "చూడమ్మాయ్, నా సెలవు అయిపోయింది. రేపు పొద్దున బస్సుకి వెళ్ళక తప్పదు. ఇవాళ నీ దగ్గర పడుకుందా, సరే, పిల్ల నీ దగ్గరే ఉంటుంది. పడుకోలేదా, నాతో తీసుకెళ్తాను. నువ్వింకా కుదుటపడ్డాక చూద్దాం. బాధపడకు." బాధపడకు అన్న మాటని గిన్నె బోర్లించినంత చప్పుడుతో అంది. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే ఎంత బాగుండేది, హాయిగా తిట్టుకునేది. ఆడపిల్లల హాస్టల్లో వార్డెను, సెలవు మీద సెలవు పెట్టుకుని వచ్చి తమ్ముడి కూతుర్ని కంటికి రెప్పలా చూసుకుంది. మాట కరుకు, చెయ్యి మెత్తన. ఆ మెత్తని చెయ్యే రేపు పిల్లని ఎత్తుకుని బస్సెక్కుతుంది, ఇవాళ ఈ పిల్ల పడుకోకపోతే.

కుదుటపడటం అంటే ఏమిటో వదినకి తెలుసు, డాక్టరమ్మకి తెలుసు, ఆయనకీ తెలుసు, ఆమెకే సరిగ్గా తెలియదు. కుదుటపడ్డాననే అనుకుంటోంది. కానీ చెదిరినప్పుడు కూడా బాగానే ఉన్నాననుకుంది కదా, అదీ చిక్కు. పిల్లకి ఏడాది నిండే రోజుల్లో మొదట నిద్ర పోయింది. నిద్ర పోయింది అంటే పడుకుంది అని కాదు, నిద్రే పోయింది, తాళంచెవి పోయినట్టు. రెండింటికీ ఒకే మాట పెట్టినవాళ్ళెవరో గానీ వాళ్ళకి ఎప్పుడూ నిద్ర పోయి ఉండదు. ఆ తర్వాత ఏడుపు వినిపించడం మొదలైంది. పిల్ల ఉయ్యాలలో కదలకుండా పడుకుని ఉండేది, ఆమెకి మాత్రం వంటింట్లోంచి, బాత్రూంలోంచి, మందుల షాపులో పనిచేస్తుంటే అలమరా వెనకనుంచి, తన పిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నట్టే ఉండేది. పరుగెత్తుకుంటూ వచ్చి నిద్రలో ఉన్న పిల్లని లేపి ఎత్తుకునేది, ఏడవకమ్మా, ఏడవకు, అని. అప్పుడు పిల్ల నిజంగానే ఏడ్చేది. చూశారా ఏడుస్తోంది, నేను చెప్తే నమ్మలేదు, అనేది అందరితో. ఎవరిది తప్పంటారు చెప్పండి, చివరికి పిల్ల ఏడ్చిన మాట నిజమే కదా. ఆయన ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. తర్వాత మందుల మోతాదు కుదిరేదాకా అన్నయ్య వాళ్ళింట్లో ఉంది. ఎండలు పోయాయి, వానలు పోయాయి, చలి కూడా వచ్చి పోయింది, పిల్ల నడవడం నేర్చిందని ఫోన్లో చెప్పారు, పరుగెడుతోందని చెప్పారు, మాటలొచ్చాయని చెప్పారు, అన్నిటికీ ఆమె ఇటుపక్క ఊఁ కొట్టింది. ఇవాళ పొద్దున ఇంటికొచ్చింది.

గుమ్మంలో ఆయన పిల్లని ఎత్తుకుని నిలబడ్డాడు. ఆయన పెట్టిన ముద్దుపేరు బొంగరం, ఒక్కచోట నిలవదని. "బొంగరం, ఎవరొచ్చారో చూడు! ఎవరు చెప్పు?" అన్నాడు. పిల్ల ఆమెని తల నుంచి చెప్పుల దాకా చూసింది, చెప్పుల నుంచి మళ్ళీ తల దాకా, అద్దెకి ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళలా. "ఆంటీ," అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అందరికంటే గట్టిగా నవ్వింది, మరీ గట్టిగా నవ్వానేమో అని వెంటనే ఆయన మొహం చూసింది, నవ్వు ఎక్కువైనా వాళ్ళకి భయమే కదా. తర్వాత రోజంతా పిల్ల ఆమెని ఏమీ పిలవలేదు. ఆంటీ అని కూడా అనలేదు. బంతి కావాల్సొస్తే వచ్చి చీరకొంగు లాగింది, అంతే. కొంగుకి పేరక్కర్లేదు. మధ్యాహ్నం వదిన కూరగాయలు తరుగుతూ, ఓదార్పుగానో గర్వంగానో, "నువ్వు లేనన్నాళ్ళూ దానికి ఒక్క అబద్ధం చెప్పలేదమ్మాయ్. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అని ఊరించలేదు. పసిపిల్లైనా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి," అంది. ఆమె తలూపింది. ఉన్నది ఉన్నట్టు అంటే లేనిది లేనట్టు కూడానేమో అని అప్పుడు తోచలేదు.

"లేదు," అంటోంది పిల్ల. ఇప్పుడు మోకాళ్ళ మీద లేచి, రెండు చేతులూ ఆమె పొట్టకి ఆనించి తోస్తోంది. చిన్న చేతులే గానీ ఎంత బలం. తోస్తోంది, లేదు అంటోంది, మళ్ళీ తోస్తోంది. ఇంతకంటే తేటతెల్లంగా ఎవరు చెప్తారు? నువ్వు కాదు, లే, ఇక్కణ్ణుంచి జరుగు. ఆమె కొంచెం పక్కకి జరగబోయి, జరిగితే ఓడిపోయినట్టే కదా అని మళ్ళీ గోడకి గట్టిగా ఆనుకుంది. ఈ గోడ పక్క చోటు ఆమెది. రెండు మంచాలు కలిపి వేసిన పక్క, మధ్య సందులో మడతపెట్టిన దుప్పటి కుక్కి ఉంటుంది, అటు చివర ఆయన, ఇటు గోడవారన ఆమె, మధ్యలో పిల్ల. ఇంట్లో అన్నీ కొద్దికొద్దిగా జరిగాయి, కత్తులు వేరే సొరుగులోకి వెళ్ళాయి, అద్దం కిటికీ పక్కకి వచ్చింది, ఆమె చెప్పుల చోట వదిన చెప్పులున్నాయి, పొద్దుట్నుంచీ ఒక్కో వస్తువూ ఆమెని కొత్తదాన్ని చూసినట్టు చూస్తోంది, ఈ గోడ ఒక్కటే, ఈ సున్నం పెచ్చు ఊడిన మచ్చ ఒక్కటే, పాత చుట్టంలా పలకరించింది. అక్కణ్ణుంచి ఈ రెండేళ్ళ మనిషి లేపేస్తోంది. సరే తల్లీ, నేను కాదు. మరి ఎవరు కావాలి, ఏం కావాలి, అదైనా చెప్పు.

"ఏం కావాలి బంగారం?"

"లేదు."

"ఏమీ వద్దా?"

"లేదు కావాలి!"

లేదు కావాలి. సరిగ్గానే విన్నానా? లేదు అంటే లేదు, కావాలి అంటే కావాలి, ఈ రెండూ ఒకచోట ఎలా కూర్చుంటాయి, కాటాలో ఒక పళ్ళెం లేస్తే ఇంకోటి దిగాలి గానీ రెండూ ఒకేసారి లేవవు కదా. లేనిదాన్ని కావాలంటే ఎక్కణ్ణుంచి తెచ్చిపెట్టేది? కొండమీది కోతిని తెమ్మన్నా కొండ ఎక్కి చూడొచ్చు. అప్పుడు భయం వేసింది. పిల్ల ఆ మాట అనలేదేమో. ఏదో అన్నదేమో, ఆమెకి ఇలా వినిపించిందేమో. ఒకప్పుడు లేని ఏడుపు వినిపించినట్టే ఇప్పుడు లేని మాట, అదీ లేదు అనే మాట. ముందుగదిలోకి వెళ్ళి, వదినా, పిల్ల లేదు కావాలి అంటోంది, అంటే ఎలా ఉంటుందో ఊహించుకుంది. వదిన ఆయన వైపు చూస్తుంది. ఆయన నేల వైపు చూస్తాడు. ఆ చూపులు ఆమెకి బాగా తెలుసు, ఆ చూపుల మధ్యే ఆసుపత్రికి వెళ్ళింది. అడగకూడదు. చచ్చినా అడగకూడదు. అడక్కపోతే పిల్ల పడుకోదు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి.

డాక్టరమ్మ ఒక చిట్కా చెప్పింది. వినిపించేది బయటిదో లోపలిదో తెలియనప్పుడు చెవులు రెండూ గట్టిగా మూసుకో, ఆగిపోతే బయటిది, ఆగకపోతే లోపలిది, అంది. ఎంత తేలిగ్గా చెప్పిందో, సబ్బు కొనేవాళ్ళకి వాసన చూసుకోండమ్మా అన్నంత తేలిగ్గా. ఆమె కళ్ళు మూసుకుని రెండు అరచేతులూ చెవులకి నొక్కిపెట్టుకుంది. మాట ఆగిపోయింది. హమ్మయ్య, బయటిదే. కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా పిల్ల, రెండు చేతులూ తన చెవుల మీద పెట్టుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని, నోరు మూసుకుని కూర్చుంది. ఆటనుకుంది. ఆమెని చూసి చేస్తోంది. అంటే మాట ఆగింది చెవులు మూసుకున్నందుకా, పిల్ల నోరు మూసుకున్నందుకా? ఎలా తేలాలి ఇది? ఇద్దరూ ఎదురెదురుగా చెవులు మూసుకుని కాసేపు అలాగే కూర్చున్నారు. ఎవరైనా తలుపు సందులోంచి చూస్తే ఏమనుకుంటారో అని తోచి ఆమె చేతులు దించేసింది. పిల్ల కూడా దించేసింది. "లేదు," అంది, ఆట అయిపోయింది ఇక నా సంగతి చూడు అన్నట్టు.

లేదు. మందుల షాపులో ఆ మాట నిషేధం. ఓనరు మొదటి రోజే చెప్పాడు, కౌంటర్లో లేదు అన్న మాట వినపడకూడదమ్మా, వ్యాపారానికి మంచిది కాదు, రేపొస్తుంది అనాలి. ఇళ్ళల్లో చూడు, డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటారు, మనవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో. ఆమె రోజంతా రేపొస్తుందండీ, రేపొస్తుందండీ అనేది. ఒక పెద్దాయన ఏదో కంటి చుక్కల మందు కోసం రోజూ వచ్చేవాడు. ఆ మందు తయారీయే ఆగిపోయింది, ఆ సంగతి షాపులో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప. ఒకరోజు కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, "అమ్మా, లేదు అని ఒక్క మాట చెప్తే నీ నోటి ముత్యాలేమైనా రాలతాయా? ఇంకో ఊరెళ్ళి తెచ్చుకుంటాను కదా," అన్నాడు. లేదు అంటే మనిషి వెతుక్కోవడానికి బయల్దేరతాడు, వస్తుంది అంటే అక్కడే నిలబడిపోతాడు. ఆ పెద్దాయన ఏమయ్యాడో. ఇప్పుడు షాపులో ఆమె చోట ఎవరున్నారో, ఆమె కోసం ఎవరైనా అడిగితే ఏమంటున్నారో. రేపొస్తుంది అంటున్నారేమో.

ఎదురింటి కింద సైకిళ్ళ షాపు షట్టరు దడదడమని కిందికి దిగింది. పిల్ల ఉలిక్కిపడి ఆమె మోచెయ్యి పట్టుకుంది, ఒక్క క్షణం, అంతలోనే గుర్తొచ్చినట్టు వదిలేసింది. ఆ ఒక్క క్షణం చాలదూ, అనుకుంది ఆమె, చాలదు అని తనే జవాబు చెప్పుకుంది. మూల బల్ల మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటే తెచ్చి చూపించింది. చెవి తెగిన కుందేలు, ఇదేనా లేదు? కాదు, పిల్ల కుందేల్ని విసిరేసింది. దువ్వెన? నీళ్ళ సీసా? కిటికీలోంచి వీధి దీపం చూపించింది, అదా? పాట పాడబోయింది, ఎప్పుడూ పాడే పాటే, మొదటి చరణం దాకా వచ్చాక రెండోది గుర్తు రాలేదు, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది, పాట ఎక్కడో అన్నయ్య వాళ్ళింట్లో వదిలేసి వచ్చినట్టుంది. పిల్ల జాలిగా చూసింది. అడగందే అమ్మైనా పెట్టదు అంటారు. ఈ పిల్ల అడుగుతూనే ఉంది పాపం, గొంతు పోయేలా అడుగుతోంది, ఇంతకంటే ఎలా అడుగుతుంది? పెట్టాల్సిన అమ్మకే అర్థం కావడం లేదు. ఏ తల్లికైనా తెలుస్తుందంటారు, పిల్ల నోరు తెరవకముందే తెలుస్తుందంటారు. తెలియకపోతే తల్లి కాదనా? ఆంటీ అని సరిగ్గానే అందేమో పొద్దున. ఏడుపొచ్చింది. ఏడవకూడదు, ఇవాళ ఇద్దరిలో ఎవరు ఏడ్చినా నెగ్గేది బస్సే.

కానీ పిల్ల ఏడ్చింది. ముందు పెదవి విరిచింది, తర్వాత ముక్కు, తర్వాత ఇల్లంతా. "లేదు కావాలి! లేదూ!" అని రాగం తీసింది. ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. అడుగులు తలుపు దాకా వచ్చాయి, నేలమీది వెలుగు గీతని ఒక నీడ తుంచేసింది.

"ఏమైందమ్మాయ్? నేను రానా?"

రమ్మంటే అయిపోయేది. రెండు నిమిషాల్లో వదిన పిల్లని భుజాన వేసుకుని జోకొట్టేది, పిల్ల పడుకునేది, ఆమె మాత్ర వేసుకునేది, తెల్లారేది. రమ్మంటే ఎంత సుఖం. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో ఇంకొకటి తట్టింది. ఏడుపు వదినకి కూడా వినిపించింది. కుర్చీలోంచి లేచి వచ్చిందంటే వినిపించినట్టే కదా. అయితే ఈ ఏడుపు ఉంది, నిజంగా ఉంది, ఇది అందరి ఏడుపూ, తన ఒక్కదానిదే కాదు. పిల్ల ఏడుస్తుంటే ఆమెకి ఇంత నెమ్మది కలగడం ఎప్పుడూ లేదు. సిగ్గేసింది కూడా.

"వద్దు వదినా. పడుకోబెడతాను," అంది.

నీడ కాసేపు అక్కడే ఉంది. తర్వాత కదిలింది, వెళ్ళిపోయిందో, పక్కకి తప్పుకుని గోడవారన నిలబడిందో. పిల్ల అత్త గొంతు విని తలుపు వైపు తిరిగింది, వెళ్ళిపోతుందనుకుంది ఆమె, మంచం దిగి పరుగెడుతుంది, అంతే, అయిపోయింది. దిగలేదు. చొక్కాతో ముక్కు తుడుచుకుని, మంచం అటు చివరికి పాకి, ఆయన దిండు మీద అరచేత్తో టపామని కొట్టింది. "నాన్న," అంది. మధ్యలో ఉన్న పూల గలీబు దిండు మీద కొట్టింది. "అత్త." ఇన్నాళ్ళూ అత్త పడుకున్న దిండు అది. తర్వాత పాక్కుంటూ ఆమె దగ్గరికే వచ్చింది, వచ్చి ఆమె నడుము పక్కనుంచి, గోడకీ ఆమెకీ మధ్యనుంచి, చెయ్యి లోపలికి దూర్చింది, భుజం దాకా దూర్చి, మొహం ఎర్రగా చేసుకుని, దేన్నో పట్టుకుని లాగింది. "లేదు!" అంది పళ్ళ బిగువున.

ఆమె ముందుకి వంగింది. వీపు వెనకనుంచి దిండు బయటికొచ్చింది. తన దిండే. నీలం చారల గలీబు, వెలిసిపోయి చారలు ఉన్నాయో లేదో అన్నట్టున్న గలీబు. గోడ చల్లగా ఉందని కూర్చునేటప్పుడు వీపు వెనక పెట్టుకుంది, ఒక మూల గట్టిగా, చప్పరించి చప్పరించి అట్టకట్టి ఉంటే ఇదేమిటని కూడా అనుకుని మర్చిపోయింది. ఆ మూలని పిల్ల నోట్లో పెట్టుకుంది. ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంతసేపూ వీపు వెనకే పెట్టుకుని గదంతా వెతికింది. తోసేస్తోందనుకుంది. తోసెయ్యలేదు, దిండు కోసం జరగమంది, అంతే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ ఒకేసారి వచ్చి ముక్కు దగ్గర ఆగాయి.

కానీ దిండుకి లేదు అని పేరేమిటి? దిండుని కుందేలనో దుప్పటనో పిలిచినా ఒక అర్థముంది. "ఇది ఏంటమ్మా?" అని అడిగింది. "లేదు," అంది పిల్ల, నోట్లో మూల తియ్యకుండానే. "ఎవరిది?" పిల్ల నోట్లోంచి మూల తీసింది, ఇంత మందబుద్ధికి విడమరిచి చెప్పక తప్పదన్నట్టు తీసి, "అమ్మ లేదు," అంది. ఇంటిపేరుతో సహా చెప్పింది. అప్పుడు తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఎప్పుడో ఫోన్లో ఆయన చెప్పిన మాట కదిలింది. అక్క మన మంచాన్ని హాస్టల్ చేసేసిందోయ్, రోజూ పడుకునేముందు హాజరు వేస్తోంది, అని. వార్డెనుకి చేతిలో పిల్లలున్నాక హాజరు వెయ్యకపోతే నిద్ర పట్టదు మరి. ఒక్కో దిండూ తట్టి, నాన్న, ఉన్నాడు, అత్త, ఉంది, అని పిల్ల చేత పలికిస్తోందని, పిల్ల భలే పలుకుతోందని చెప్పాడు. ఆమె నవ్వింది. అన్నయ్య వాళ్ళింటికెళ్ళాక అదే మొదటిసారి నవ్వడం. అక్కడితో ఆపేశాడాయన. తూచి మాట్లాడే మనిషి, మూడో దిండు దగ్గర ఏమంటారో చెప్పలేదు, ఆమెకీ అడగాలని తోచలేదు. ఇప్పుడు వినిపిస్తోంది, చెవులు మూసుకోనక్కర్లేకుండా వినిపిస్తోంది, వదిన చెయ్యి ఈ నీలం చారల దిండుని తట్టడం, అమ్మ, అనడం, అబద్ధం చెప్పని ఆ గొంతు తనే జవాబు కూడా చెప్పడం, లేదు. రోజూ. ప్రతి రోజూ. పిల్ల ఏమనుకుంటుంది మరి? నాన్న దిండు నాన్న, అత్త దిండు అత్త, ఈ దిండు అమ్మ లేదు. ముద్దుగా పిలిస్తే, లేదు. దాన్ని కావిలించుకుని, దాని మూల చప్పరిస్తూ ఇన్నాళ్ళూ నిద్రపోయింది. ఇంట్లో అందరూ లేదనుకుంటున్న మనిషిని పక్కలో వేసుకుని పడుకుంది.

ఇది బాధో సంతోషమో విడదీసి చూసుకునే ఓపిక ఆమెకి లేదు. పిల్ల తనని మర్చిపోయిందనుకుంది. మర్చిపోలేదు. గుర్తుపెట్టుకుందా అంటే, అదీ కాదు. మొహం గుర్తు లేదు, గొంతు గుర్తు లేదు, లేకపోవడమే గుర్తుంది, దానికి పేరు పెట్టుకుంది, దాన్నే ప్రేమించింది. ఇప్పుడు అసలు మనిషి వచ్చి కూర్చుంటే దిండుకి అడ్డమైంది. నేనే అమ్మని, ఇది ఉత్త దిండు, అని చెప్పొచ్చు. చెప్తే పిల్ల దగ్గర్నుంచి ఉన్న ఒక్క అమ్మనీ లాక్కున్నట్టవుతుంది. పోనీ చెప్పకపోతే? రేపటికీ ఎల్లుండికీ దిండే అమ్మ, ఆమె ఆంటీ. ఎటూ తేలక, "నేనూ పడుకోనా?" అని అడిగింది, దిండు కొస చూపించి. అనుమతి అడుగుతున్నందుకు తనకే వింతగా ఉంది, తన చోటు, తన దిండు. పిల్ల దిండు వంకా ఆమె వంకా చూసింది. బేరం కుదిరినట్టుంది, తన వైపు కొంచెం లాక్కుని కొంచెం వదిలింది. ఆమె ఆ వదిలిన కొస మీద తల పెట్టింది. పిల్ల ఉమ్మి వాసన, చంటిపిల్లల పౌడరు వాసన, అడుగున ఎక్కడో తన పాత తలనూనె వాసన, లేకపోతే ఉందని అనుకుంటోందో.

పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. ఆ దిండు మీద తల ఉండటం చూసిన గుర్తు దానికి లేదు. వేలు పెట్టి ఆమె ముక్కు నొక్కింది. కనుబొమ్మ మీద గీసింది. చెవి పట్టుకుని లాగి చూసింది, ఊడొస్తుందేమో అని. ఊడిరాలేదు. చాలాసేపు అలాగే చూసి, దగ్గరికి జరిగి, రెప్పలు బరువెక్కుతున్నా బలవంతంగా తెరిచి, "నాన్న?" అంది. ఆమెకి అర్థం కాలేదు. నాన్న ముందుగదిలో ఉన్నాడమ్మా, అనబోయింది. "నాన్న?" అంది పిల్ల మళ్ళీ, ఈసారి గొంతులో వదిన కరుకు వినిపించింది. హాజరు. హాజరు వేస్తోంది.

"ఉన్నాడు," అంది ఆమె.

"అత్త?"

"ఉంది."

పిల్ల ఆవులించింది. చెయ్యి చాపి, దిండు మీద తడిమి, ఆమె చెంప దగ్గర ఆగింది. దిండు తట్టాలో చెంప తట్టాలో దానికీ తెలియనట్టుంది. చివరికి చెంప మీదే తట్టింది. "లేదు?" అంది.

ఇన్నాళ్ళూ ఈ హాజరుకి జవాబు లేదు, ఇప్పుడు ఆ జవాబే ప్రశ్న అయి కూర్చుంది. ఇప్పుడేమనాలి? అమ్మ అను, లేదు కాదు, అనాలా? నిజంగా ఉన్నానా? కుదుటపడ్డానా? రేపు ఏడుపు మళ్ళీ వినిపిస్తే? మాత్ర అవతల బల్ల మీద ఉంది, వేసుకోవాలి, తప్పకుండా వేసుకుంటుంది, మాత్ర వేసుకునే మనిషి ఉన్నట్టా లేనట్టా? వదిన అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పమంటుంది. ఏది ఉన్నది? ఇంత తెలియనితనంలో ఒక్కటి మాత్రం తెలుస్తోంది, ఎదురుగా ఒక మనిషి పేరు పిలిచి చెంప మీద చెయ్యి పెట్టి ఎదురు చూస్తోంది, పిలిచిన పేరు ఏదైనా పిలిచింది తననే.

"ఉన్నాను," అంది ఆమె.

పిల్ల ఆ మాటని కాసేపు చూసింది. "లేదు ఉంది," అని సరిచేసుకుని, కాలు తెచ్చి ఆమె పొట్ట మీద వేసింది. ఆ కాలు కొంచెం కొంచెంగా బరువెక్కింది. ఆమె కదల్లేదు. ఫ్యాను తిరుగుతోంది, మేడ మీదివాళ్ళు కుర్చీ ఈడ్చుకున్నారు, ఏదీ ఎక్కణ్ణుంచి వస్తోందా అని ఆమె వెతుక్కోలేదు. తలుపు మెల్లిగా తెరుచుకుని ఆయన తల లోపలికి పెట్టాడు.

"పడుకుందా?"

"పడుకుంది," అంది గుసగుసగా. "రేపు వదినకి ఒక్క టికెట్టే తియ్యి. పిల్ల నా దగ్గరే ఉంటుంది."

ఆయన పిల్ల కాలు ఎక్కడుందో చూశాడు, ఆమె తల ఎక్కడుందో చూశాడు, ఎప్పటిలాగే కాసేపు తూచాడు. "ఒక్కటే తీస్తాను. దీనికైతే ఎలాగూ టికెట్ లేదు," అన్నాడు.

"ఊఁ," అని పలికింది ఆమె, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.